ఎత్తయిన కొండలు – ఎల్.టి.సి. ప్రయాణాలు – బీమా రక్షణ

గత సంవత్సరం ఒక సోదరి మా కార్యాలయానికి వచ్చినారు. ఆమె భర్త తపాలా శాఖలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన మన సభ్యుడు. ఎల్.టి.సి.పై లేహ్ వెళ్ళి, విమానం దిగిన రెండవనాడే మిత్రులతో కలసి కొండబాట పట్టినాడు. ఆ రాత్రి ఊపిరాడక బాధపడి, తెల్లవారేసరికి కన్నుమూసినాడు. ఆమె చేతిలో ప్రమాద బీమా పత్రం ఉన్నది. దానితోపాటు కంపెనీ పంపిన జవాబు కూడ ఉన్నది. అందులో రెండే వాక్యాలు. మరణం వ్యాధి వలన సంభవించినది గాని ప్రమాదం వలన కాదు. కావున పరిహారం చెల్లించుటకు వీలు లేదు.

ఆ జవాబు అన్యాయమని మనకు తోచవచ్చును. కాని ఆ పత్రంలోని నిబంధనలను చదివితే, కంపెనీ అన్న మాటకు ఆధారం అందులోనే కనిపిస్తుంది. ప్రమాదమనగా బాహ్యమైన, కంటికి కనుపించే, తీవ్రమైన కారణాలచే, అకస్మాత్తుగా, అనూహ్యంగా, మన ప్రమేయం లేకుండ సంభవించే ఘటన అని మన దేశపు బీమా పత్రాలలో నిర్వచనం. కాలు జారి లోయలో పడినవాడు ఈ నిర్వచనంలో ఇముడుతాడు. పలుచని గాలి వలన ఊపిరితిత్తులలో నీరు చేరి మరణించినవాడు ఇమడడని కంపెనీ వాదించగలదు. అమరనాథ యాత్రలో నమోదైన యాత్రికులకు ఇచ్చే సామూహిక బీమా కూడ ప్రమాద బీమాయే. ఎత్తు ప్రదేశాలలో మనిషిని కబళించే మృత్యువేమో, చాలసార్లు ప్రమాదం రూపంలో గాక వ్యాధి రూపంలో వస్తుంది. ఈ తేడాను మన సభ్యులలో అత్యధికులు ఎరుగరు.

ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు, అనగా సుమారు 8,200 అడుగులు దాటిన తర్వాత ఆరంభమవుతుంది. మన దేశంలో అత్యంత ఎత్తున ఉన్న రైల్వే స్టేషను డార్జిలింగు మార్గంలోని ఘూమ్. దాని ఎత్తు 2,258 మీటర్లు. రైలులో ఎంత దూరం పోయినా మనకు ఈ జబ్బు పరిచయం కాకపోవుటకు కారణం అదే. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. పూర్వం రోడ్డు మార్గాన రెండు మూడు రోజులు ప్రయాణించి చేరే చోటికి నేడు ఢిల్లీ నుండి గంటన్నరలోపే విమానం చేరుస్తున్నది. శరీరానికి అలవాటుపడే వ్యవధి మాత్రం ఆ మేరకు తగ్గలేదు.

వైద్యులు చెప్పే జాగ్రత్తలు సులభమైనవే. ఎత్తుకు విమానంలో చేరినవారు కనీసం రెండు రోజులు విశ్రమించవలెను. 3,000 మీటర్లు దాటిన పిదప, నేటి రాత్రి నిద్రించే చోటు నిన్నటి చోటుకంటె 500 మీటర్లకు మించి ఎత్తున ఉండరాదు. మూడు నాలుగు రోజుల కొకసారి ఒక దినం ఆగవలెను. తలనొప్పి, వాంతి, నిస్సత్తువ కలిగినప్పుడు ఇంకా పైకి పోరాదు. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడ ఆయాసం రావటం, నడక తడబడటం, మాట తికమకపడటం ప్రాణాపాయ సూచనలు. అటువంటి వానిని రాత్రి అని గాని, డబ్బు కట్టినాము గదా అని గాని చూడక వెంటనే క్రిందికి దించవలెను. అతనిని ఒంటరిగా వదలరాదు. వయసుకు, దేహబలానికి ఈ జబ్బుతో సంబంధం తక్కువ. రోజుకు పది మైళ్ళు నడిచే యువకుడు కూడ దీనికి లోనుకావచ్చును.

వాతావరణం రెండవ శత్రువు. 1996 ఆగస్టులో అమరనాథ మార్గంలో అకాలంగా మంచు కురిసి 240 మందికి పైగా యాత్రికులు మరణించినారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ బాటలో కర్ణాటక నుండి వెళ్ళిన బృందం గాలివానలో, మంచులో చిక్కుకొని 9 మందిని కోల్పోయినది. మిగిలినవారిని రక్షించుటకు హెలికాప్టర్లు రావలసి వచ్చినది.

ఇక బీమా మాట. 2016 నుండి రైలు టికెట్టును ఆన్‌లైనులో కొనేవారికి రూపాయి కంటె తక్కువ ప్రీమియంతో 10 లక్షల వరకు బీమా లభిస్తున్నది. మంచిదే, కాని అది రైలు ప్రయాణానికే పరిమితం. తపాలా జీవిత బీమా 1884లో మన తపాలా ఉద్యోగుల కొరకే పుట్టినది. జీవిత బీమా సామాన్యంగా మరణ కారణాన్ని బట్టి చెల్లింపును ఆపదు. అయితే కొండపై నుండి మనిషిని దించుటకు అది పైసా ఇవ్వదు. ఆరోగ్య బీమాలలో పర్వతారోహణను మినహాయించే నిబంధన ఒకటి ఉన్నది. దానిని జాగ్రత్తగా చదవవలెను. ప్రామాణిక నిబంధన వృత్తిగా పాల్గొనేవారికే వర్తిస్తుంది, సెలవుపై నడిచిపోయే ఉద్యోగికి కాదు. ఈ సంగతి తెలియక ఎందరో హక్కును వదులుకొంటున్నారు. ప్రయాణ బీమాలలో మాత్రం ఎత్తు పరిమితి వేరుగా ఉండవచ్చును. కావున కొనేముందే నాలుగు ప్రశ్నలు వేయవలెను: ఎంత ఎత్తు వరకు? ఎత్తు జబ్బు పేరు పత్రంలో ఉన్నదా? హెలికాప్టరు ఖర్చు ఎవరు భరిస్తారు? దానికి ముందుగా ఎవరి అనుమతి కావలెను? జవాబులు వ్రాతపూర్వకంగా తీసుకొనవలెను. క్లెయిము నిరాకరింపబడితే, మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి, న్యాయం జరగనిచో బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. హైదరాబాదులోనూ ఆ కార్యాలయం ఉన్నది. రుసుము లేదు.

కొండ నడక డబ్బున్నవారి సరదా, దానితో యూనియనుకేమి పని అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. భారత పర్వతారోహణ ఫౌండేషన్ ఆమోదించిన యాత్రలకు కేంద్ర ఉద్యోగులకు ప్రత్యేక ఆకస్మిక సెలవు ఇచ్చే నిబంధన చిరకాలంగా ఉన్నది. లడఖ్, కాశ్మీరులకు ఎల్.టి.సి.పై విమాన ప్రయాణాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించినది. పంపించిన యజమానికి క్షేమంగా తిరిగి రప్పించే బాధ్యత లేదా? మరొక మాట. కొండలపై మనకంటె ముందు నడిచేది కార్మికుడే. స్పితి లోయలోని హిక్కిం తపాలా కార్యాలయం సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి టపా సంచి మోసేవాడు మన సోదరుడు. మన సామాను మోసే కూలీ, గుర్రాన్ని నడిపించేవాడు మన వర్గంవాడే.

2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దారిలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించినారు. తక్షణ సహాయమని ప్రభుత్వం ప్రకటించినది కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. షెర్పాలు పని మానివేసినారు. నేపాల్ వైపున ఆ యేటి ఆరోహణలు దాదాపుగా నిలిచిపోయినవి. తర్వాతనే వారి కనీస బీమా 10 లక్షల నుండి 15 లక్షల నేపాలీ రూపాయలకు పెరిగినది. దయాదాక్షిణ్యాలతో రానిది ఐక్యతతో వచ్చినది.

కావున మన కోర్కెలు ఇవి: ఎత్తు ప్రాంతాలకు ఎల్.టి.సి. మంజూరు ఉత్తర్వుతోపాటు ఆరోగ్య సూచనల పత్రం జతపరచవలెను. అలవాటుపడే రెండు దినాలను ప్రత్యేక సెలవుగా పరిగణించవలెను. ఎత్తు జబ్బును, రక్షణ ఖర్చును పేరు పెట్టి చేర్చిన సామూహిక బీమాను ఉద్యోగులకు, గ్రామీణ డాక్ సేవకులకు కల్పించవలెను. మన సంఘాలు జరిపే యాత్రలలో కూలీలకు బీమా లేనిదే అడుగు వేయరాదని మనమే నియమం పెట్టుకొనవలెను.

శాఖలన్నీ ఈ కోర్కెలను సర్వసభ్య సమావేశాలలో చర్చించి తీర్మానాలు పంపవలెనని మనవి. ఆ సోదరి తరఫున ఫిర్యాదు దాఖలు చేసినాము. ఫలితం ఏమైనను, మరొక కుటుంబం అటువంటి జవాబుతో మన గుమ్మం ఎక్కకుండ చూడటం మన చేతిలోనే ఉన్నది.