బీఈడీకి మిషన్ మోజు

ఎడ్‌సెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో తెలుగు ఇళ్లలో ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. ‘మిషన్ కాలేజీలో సీటొస్తే కళ్లు మూసుకుని చేర్పించండి. క్రమశిక్షణ ఉంటుంది, ఇంగ్లీషు వస్తుంది. గవర్నమెంటు కాలేజీలో పాఠాలెవరు చెబుతారు?’ సలహా ఇచ్చేది రిటైరైన హెడ్మాస్టరు కావచ్చు, పక్క వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి కావచ్చు. వినేవాళ్లు మాత్రం ఎదురు ప్రశ్న వేయరు. ఇంటిపేరు చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు గేటు మీది పేరు చూసి కాలేజీ ఖాయం చేసుకుంటారు.

ఈ సలహా తప్పు. మిషన్ కాలేజీలు చెడ్డవని కాదు, బడికి వచ్చిన పేరును శిక్షణ కాలేజీకి అంటగడుతున్నారని. పట్నాల్లో కాన్వెంట్లకు ఉన్న పేరు కొంత టీచర్ల కష్టం వల్ల వచ్చింది, కొంత అక్కడ చేరే పిల్లల ఇళ్లలో అప్పటికే ఉన్న చదువు వల్ల వచ్చింది. ఆ పేరు చూసుకుని, చదువు చెప్పేవాళ్లను తయారుచేయడంలోనూ వారిదే పైచేయి అనుకోవడానికి ఆధారం లేదు.

చరిత్రలో మిషన్ల పాత్ర కొట్టిపారేయలేనిది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ పాదరీ హేయర్‌కైనా, తర్వాత ఒంగోలులో పనిచేసిన బాప్టిస్టు క్లౌ దొరకైనా ఎదురైన కొరత ఒక్కటే: పల్లెల్లో అక్షరాలు దిద్దించే మనిషి. అప్పటి పంతుళ్లు దళితవాడల్లో అడుగుపెట్టేవారు కాదు. అందుకే ఆ వాడల్లోంచే మగవాళ్లనూ ఆడవాళ్లనూ తెచ్చి, నేర్పి, తిరిగి ఆ వాడలకే పంతుళ్లుగా, పంతులమ్మలుగా పంపారు. గుంటూరులో లూథరన్లు నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలోనే గుర్రం జాషువా పదేళ్లపాటు పనిచేశారు. ఆ తర్వాత 1928 నుంచి 1942 దాకా అదే ఊళ్లో ప్రభుత్వోన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు. మిషన్ గేటు దాటి సర్కారు గేటులోకి రాగానే ఆయన పాఠం పలచబడిందని అన్నవాళ్లు లేరు.

ఆనాటి మిషన్ శిక్షణకు బలం ఎక్కడ నుంచి వచ్చింది? ఏ బడికి, ఏ పిల్లల కోసం పంతులును తయారుచేస్తున్నారో వారికి తెలుసు. ఆ లెక్కనే ఈనాటికి అన్వయిస్తే ఏం తేలుతుంది? తెలుగు రాష్ట్రాల్లో బీఈడీలో చేరేవారిలో ఎక్కువమంది కల డీఎస్సీ. 2024లో తెలంగాణ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులకు డీఎస్సీ జరిపాయి. ఆ ఉద్యోగం వచ్చాక నిలబడాల్సింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు అక్కడ ఉంటారు, పత్తి తీతల రోజుల్లో బడికి రానివాళ్లు ఉంటారు, ఇంట్లో లంబాడీయో కోయో మాట్లాడి బడిలో తెలుగు, ఇంగ్లీషు రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంటారు. ఇలాంటి గదిలోకి వెళ్లబోయే మనిషి కాన్వెంటు పిల్లల ముందు టీచింగ్ ప్రాక్టీస్ చేసి వస్తే సగం శిక్షణే అందినట్టు. మిషన్లు నేర్పిన పాత పాఠమే ఇవాళ సర్కారు కాలేజీ వైపు వేలు చూపిస్తోంది.

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ చదువు దాదాపు అంతా మిషన్ సంస్థల్లోనే సాగింది. తిరుపతిలో లూథరన్ బడి, వేలూరులో ఊరీస్ కాలేజీ, ఆ పైన మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. బోధనలో శిక్షణ మాత్రం 1910లో సైదాపేట ప్రభుత్వ టీచర్స్ కాలేజీలో పొందారు. అప్పటికే ప్రభుత్వ కొలువులో ఉన్నారు గనక అక్కడికి వెళ్లారు, ఏరికోరి కాదు. అయినా ఏటా సెప్టెంబరు 5న దేశమంతా ఎవరి పుట్టినరోజును గురుపూజోత్సవంగా చేసుకుంటోందో, ఆ మనిషి సర్కారు కాలేజీలో తర్ఫీదు పొందారన్న సంగతి ఆ రోజు వేదికలెక్కి మిషన్ కాలేజీలను పొగిడేవారికి గుర్తు రాదు.

ఇక ‘క్రిస్టియన్ కాలేజీ’ అనే బోర్డు సంగతి. ఆ బోర్డు కింద రెండు రకాల సంస్థలున్నాయి. దశాబ్దాలుగా నడుస్తూ, పక్కనే సొంత హైస్కూలు ఉన్న గుంటూరు ఆంధ్ర లూథరన్ కాలేజీ లాంటివి ఒక రకం. బీఈడీ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచిన కాలంలో మైనారిటీ హోదా తెచ్చుకున్నవి రెండో రకం. సలహా ఇచ్చేవాళ్లు మొదటి రకాన్ని తలచుకుంటారు, పిల్ల మాత్రం చాలాసార్లు రెండో రకంలో తేలుతుంది.

మైనారిటీ హోదా ఇచ్చేది నిర్వహణ హక్కు. గుజరాత్‌లో ప్రెస్బిటేరియన్లు నడిపే టీచర్ ట్రైనింగ్ కాలేజీలో 80 శాతం సీట్లు తాను పంపేవారికే ఇవ్వాలని ప్రభుత్వం పట్టుబడితే, 1962లో సుప్రీంకోర్టు సిధ్రాజ్‌భాయ్ కేసులో ఆ ఆదేశం చెల్లదంది. రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు ఇచ్చిన రక్ష అది, ఉండి తీరాల్సిన రక్ష. అంతకు నాలుగేళ్ల ముందు కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో అదే కోర్టు, నిర్వహించే హక్కులో అధ్వానంగా నిర్వహించే హక్కు కలిసిలేదని కూడా చెప్పింది. హోదా పత్రాన్ని నాణ్యతకు పూచీగా చదువుకోవడం కోర్టులు కూడా చేయని పని.

లోపల జరిగే చదువు చూద్దాం. రెండు చోట్లా గుర్తింపు ఇచ్చేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలే. ఒకే యూనివర్సిటీ కింద ఉంటే సిలబస్సూ ఒకటే, పరీక్ష పేపరూ ఒకటే. తర్వాత రాసే టెట్, డీఎస్సీలలోనూ తేడా లేదు. డీఎస్సీ మార్కులకు 80, టెట్‌కు 20 శాతం వెయిటేజీ పోగా కాలేజీ పేరుకు ఒక్క మార్కూ మిగలదు. అసలు బీఈడీతో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే ఉద్యోగం రాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పాలనుకునే వ్యక్తి ఏ గేటు అని తర్జనభర్జన పడేకంటే, డీఎడ్‌లో చేరాలా అని ముందు ఆలోచించుకోవాలి.

తేడా ఉండేది ఒక్కచోటే, టీచింగ్ ప్రాక్టీస్‌లో. 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలి. లెసన్ ప్లాన్ రాసుకుని, పిల్లల ముందు నిలబడి, తడబడి, వెనక బెంచీలో కూర్చున్న మెథడ్స్ లెక్చరర్ చేత చీవాట్లు తిని, మర్నాడు మళ్లీ చెప్పడమే శిక్షణ. ఈ ముక్కనే చాలా కాలేజీలు ఎగ్గొడుతున్నాయి. డబ్బు కడితే క్లాసుకు రానక్కర్లేని ‘నాన్ అటెండింగ్’ అడ్మిషన్లు, బజార్లో దొరికే రెడీమేడ్ రికార్డులు, ఒక్క పాఠమూ చూడకుండా హెడ్మాస్టరు సంతకం చేసే ఇంటర్న్‌షిప్ పత్రాలు బీఈడీ లోకంలో ఎవరికీ రహస్యం కాదు. విడిగా నడిచే పదివేలకు పైగా శిక్షణ సంస్థల్లో అధికభాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని 2012 నాటి జస్టిస్ వర్మ కమిషన్‌ను ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యా విధానమే రాసుకుంది. మతం బోర్డు ఈ రోగానికి మందు కాదు.

సర్కారు కాలేజీలకు రోగం లేదా అంటే ఉంది. మాసబ్‌ట్యాంక్, రాజమహేంద్రవరం, నెల్లూరు లాంటి చోట్ల ఉన్నవాటికి 1986 విద్యా విధానం తర్వాత ఐఏఎస్ఈలన్న పెద్ద పేరు పెట్టారు. పెద్ద పేరుకు తగ్గట్టు లెక్చరర్ పోస్టులు నింపలేదు. ఖాళీలను డిప్యుటేషన్లతో, గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారు. ‘పాఠాలెవరు చెబుతారు’ అన్న ఎత్తిపొడుపులో నిజం ఉంది. ఆ నిజానికి బాధ్యత ఆర్థిక శాఖది. ఆ ఖాళీల్లో కూడా ఈ కాలేజీలకు ఊళ్లోని ప్రభుత్వ బడి తలుపు తెరిచే ఉంటుంది, ఫీజు తక్కువ, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి చోటుంటుంది. ఈ మూడూ బోర్డు మార్చినంత మాత్రాన రావు.

ఆడపిల్లల తల్లిదండ్రులు చెప్పే ఇంకో కారణం హాస్టల్. సిస్టర్ల అజమాయిషీలో పిల్ల భద్రంగా ఉంటుందన్న నమ్మకం న్యాయమైనదే, కాదనడానికి లేదు. దాన్ని హాస్టల్ కారణంగానే చెప్పుకోవాలి, బోధనా శిక్షణకు కొలబద్దగా కాదు. ప్రతి ప్రభుత్వ శిక్షణ కాలేజీకీ మంచి మహిళా హాస్టల్ కడితే మిషన్ మోజులో సగం ఆ ఏడే దిగిపోతుంది.

ఈలోగా ఆప్షన్లు పెట్టేవారు ఆ కాలేజీ సీనియర్లను పట్టుకుని మూడు సంగతులు అడగాలి. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపారు? మీ పాఠాన్ని లెక్చరర్ ఎన్నిసార్లు పూర్తిగా కూర్చుని చూశారు? రికార్డులు మీరే రాశారా? తడుముకోకుండా జవాబొస్తే అది సిస్టర్లదైనా సర్కారుదైనా జాబితాలో పైన పెట్టవచ్చు. జవాబులు రెండు చోట్లా ఒకేలా ఉంటే మాత్రం తక్కువ ఫీజుతో, జిల్లా పరిషత్ బడిలో ప్రాక్టీస్ చేయించే ప్రభుత్వ కాలేజీని వదులుకోవడానికి హాస్టల్ తప్ప చెప్పదగ్గ కారణం మిగలదు.