వంటవాడితో యాత్ర

వంటవాణ్ణి, ఆవకాయ జాడీని వెంటేసుకుని గుంపుగా కాశీకో కలకత్తాకో బయలుదేరే మన యాత్రల్లో ఎవరి ఆతిథ్యమూ దక్కదు. తినిపించే అవకాశం మనమే ఎవరికీ ఇవ్వం. ఇందుకు భిన్నంగా బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లినవాళ్లు అక్కడ తమ అమ్మవారి పూజలు వదల్లేదు, బెంగాలీల దుర్గాపూజకూ దూరంగా ఉండలేదు. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది (ఎన్నికల ముందే అనుకోండి). తరాలుగా కాపురమున్నవాళ్లతో రెండుపూటల యాత్రికులకు పోలికేమిటంటారా? పోలిక కాలంలో లేదు, కలవడానికి సిద్ధపడటంలో ఉంది. పెద్దవాళ్ల పథ్యం, మడి కాదనలేనివే. అయినా ఒక్కపూట పొయ్యి ఆర్పి, అక్కడి తెలుగువాళ్ల సాయంతో ఓ బెంగాలీ ఇంట విస్తరి వేయించుకోవచ్చు. చేపలు వద్దనేవాళ్లకు కాకరకాయ పడే ‘శుక్తో’ అనే కూర ఉంది, చేదుకు జడవకపోతే.