వివరాలు లేవు అంటే సరిపోదు

శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస మండలం ఉంది. విజయనగరం జిల్లాలో రేగిడి ఆమదాలవలస మండలం ఉంది. ఈ రెండోది కూడా 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లాదే. జిల్లాల విభజనలో రాజాం, వంగర, సంతకవిటితో పాటు విజయనగరం వైపు వెళ్లింది. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి.

పాత కాగితాల మీద మాత్రం ఇవన్నీ ఇంకా శ్రీకాకుళమే. ఆన్‌లైన్ సేవల్లో ముందు జిల్లా, ఆపై మండలం, ఆపై ఊరు ఎంచుకోవడం మామూలు పద్ధతి. చేతిలో కాగితం చూసి పాత జిల్లా నొక్కిన మనిషికి తన మండలం ఆ జాబితాలో కనబడకపోతే, అక్కడినుంచి దారి చెప్పేవారుండరు.

నంబర్ల సంగతీ ఇంతే. 2015లో వచ్చిన ‘మీ భూమి’ భూ రికార్డుల వెబ్‌సైట్‌లో సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆధార్, పట్టాదారు పేరు, వీటిలో దేనితోనైనా అడంగల్, 1-బి వెతికే వీలు కల్పించారు. మంచి ఆలోచన. అయితే 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక, అది పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల బదులు ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. రైతుకు నోటికి వచ్చింది పాత నంబరే. అది కొట్టగానే కొత్త నంబరు ఫలానా అని ఫలితాల పేజీయే చూపించాలి.

ఇక పేర్లు. సింహాద్రి అప్పన్న, పైడితల్లి అమ్మవారు కొలువైన నేల ఇది. ఊరూరా అప్పలనాయుళ్లు, పైడిరాజులు, అప్పలనర్సమ్మలు. సింహాచలం అన్న పేరు మగవాళ్లకూ ఉంది, ఆడవాళ్లకూ ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి అప్పలనాయుడిని ఒక గుమస్తా కలిపి రాస్తాడు, ఇంకొకరు విడదీసి రాస్తారు. అక్షరం అక్షరం సరిపోతేనే చూపించే సెర్చ్‌కి ఆ రెండు పేర్లూ ఇద్దరు వేరు మనుషులవి.

ఒకేలా పలికే పేర్లను ఒక గుంపుగా వెతికే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంట్ ఇచ్చారు. కంప్యూటర్లు లేని 1930లలో అక్కడి పాత జనాభా లెక్కల కార్డులను ఆ పద్ధతిలోనే పేర్చారు. తెలుగు పలుకుబడికి తగ్గట్టు అలాంటిది తయారు చేసుకోవడం మన ఇంజినీర్లకు అసాధ్యమేమీ కాదు.

పాత పేరును యంత్రం గుర్తుంచుకోగలదనడానికి రుజువు ఆమదాలవలసలోనే ఉంది. అక్కడి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు రైల్వే కోడ్ సీహెచ్‌ఈ. అది ఇంగ్లిష్ వాళ్ల కాలపు చికాకోల్ పేరు నుంచి వచ్చింది. అంత పాత పేరు నేటి టికెట్ మీద బతికి ఉన్నప్పుడు, మొన్న మొన్నటి జిల్లా పేరును ప్రభుత్వ సేవ మరిచిపోవడం తగదు.

ఫలితాల పేజీ మీద తండ్రి పేరు, ఊరు ఉంటే ఒకే పేరున్న పది మందిలో తనెవరో మనిషి పోల్చుకుంటాడు. ఆధార్, ఫోను నంబర్లు బయటపెట్టే పని లేదు. ఏమీ దొరకనప్పుడు దగ్గరి పేర్లు చూపాలి, ఏ గ్రామ, వార్డు సచివాలయంలో ఎవరిని అడగాలో తెలుగులో రాయాలి.

ఈ మార్పులకు ముందు అధికారులు రాజాం, పాలకొండ మండలాల గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ల పక్కన వారం రోజులు కూర్చోవాలి. జనం ఏ పేరు చెబుతున్నారో, ఏ మాట కొడితే ఖాళీ పేజీ వస్తోందో రాసుకోవాలి. సవరణల జాబితా అక్కడే సిద్ధమవుతుంది.