వారానికో వనభోజనం

‘ఈ ఊళ్లో చూడ్డానికి ఏముంది సార్?’ పిల్లల్ని కాసేపు బయటికి తీసుకెళ్లమని చెబితే సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా తల్లిదండ్రుల నుంచి వచ్చే మాట ఇదే. హైదరాబాద్‌లో అయితే జూపార్కు, నెక్లెస్ రోడ్డు ఉన్నాయి, మనకేమున్నాయి అంటారు. అందుకే ఆదివారమంటే మధ్యాహ్నం దాకా టీవీ, సాయంత్రం హైవే పక్క ఏసీ హోటల్లో బిర్యానీ. ఇంట్లో కూర్చున్నవాళ్లం కారులో కూర్చుని వెళ్లి, హోటల్లో కూర్చుని తిని, తిరిగొచ్చి మళ్లీ సోఫాలో కూర్చుంటున్నాం.

వారానికి ఒక పూట ఇంటిల్లిపాదీ ఆరుబయట గడపడం విలాసం కాదు, ఆరోగ్య అవసరం. దానికి పెద్ద నగరం అక్కర్లేదన్నది నా అభిప్రాయం.

ముందు పిల్లల కళ్ల సంగతి చూడండి. దూరంగా ఉన్నవి మసకగా కనిపించే హ్రస్వదృష్టి, పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో తక్కువగా మొదలవుతుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్లు గమనించారు. వారిలో సుమారు 30 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, మామూలుగా చదువుకున్న పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. 2015లో వెలువడిన ఫలితాలివి.

పెద్దల విషయానికొస్తే, 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిపై జరిగిన అధ్యయనం ఒకటుంది. వారానికి కనీసం 120 నిమిషాలు చెట్లూ నీళ్లూ ఉన్నచోట గడిపినవారిలో తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పినవారు ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా ఫలితం ఒకటే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతారన్న వాదనా ఉంది. అది కొంత నిజమే అనుకున్నా, ఇంత చవకైన మందును వద్దనడానికి నాకు కారణం కనిపించదు. అయితే ఇది రోజువారీ నడకకు బదులు కాదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారాంతపు విహారం ఆ అలవాటుకు మొదటి మెట్టు మాత్రమే.

ఇక ఎక్కడికి వెళ్లాలి? సూర్యాపేట వాళ్లకు ఊళ్లోనే సద్దుల చెరువు కట్ట ఉంది. ఆటోలో వెళ్లేంత దూరంలో కాకతీయుల కాలంలో రేచర్ల వంశీయులు కట్టించిన పిల్లలమర్రి శివాలయాలున్నాయి. ఓ రోజంతా తీరిక ఉంటే ఫణిగిరి కొండ ఎక్కి బౌద్ధ స్తూపం ఆనవాళ్లు చూడొచ్చు. కోదాడ వాళ్లు హుజూర్‌నగర్ మీదుగా మట్టపల్లి వెళితే కృష్ణమ్మ ఒడ్డున నరసింహస్వామి గుడి. మిర్యాలగూడ వాళ్లకు కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి దగ్గరే. ఇంకాస్త ముందుకెళితే నాగార్జునసాగర్‌లో 2022లో ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. ఇవేవీ కుదరకపోతే అమ్మమ్మగారి ఊరి పొలం గట్టుంది, బడి మైదానముంది. పిల్లలకు కావాల్సింది చూడదగ్గ ప్రదేశం కాదు, పరిగెత్తడానికి జాగా.

ఇది మనకు కొత్తేమీ కాదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు, బతుకమ్మ రోజుల్లో చెరువు గట్టున ఆటపాటలు, పెద్దగట్టు జాతరలో కొండ కింద విడిదులు, అన్నీ ఇంటిల్లిపాదీ కదిలే సందర్భాలే. ఏడాదికో, రెండేళ్లకో ఓసారి చేసేదాన్ని వారానికోసారి చేయమంటున్నాను, అంతే.

ఒక్క షరతు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పదిమందికి వండి, అక్కడ వడ్డించి, వచ్చాక గిన్నెలు తోముకుంటే అది ఆమెకు సెలవు కాదు, రెట్టింపు డ్యూటీ. పులిహోర, పెరుగన్నం, నాలుగు అరటిపళ్లు చాలు. అవి సర్దే పని నాన్నా పిల్లలూ తీసుకోవాలి. ఫోన్లు సంచిలో ఉండాలి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మన ఎండలు తెలిసినవే. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం తొమ్మిదిలోపు ఇంటికి చేరండి, లేదంటే సాయంత్రం ఐదు దాటాక బయల్దేరండి. షుగర్ ఉన్నవాళ్లు భోజనం వేళ తప్పించొద్దు. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారు కాస్త చక్కెరో గ్లూకోజో దగ్గర ఉంచుకోవాలి. పాదాల స్పర్శ తగ్గినవారికి గుడి బండలు కాలుతున్నా తెలియదు, ఇంటికొచ్చాక బొబ్బలు కనిపిస్తాయి. అలాంటివారు బండలు వేడెక్కకముందే దర్శనం ముగించాలి. కృష్ణలోకి, కాలువల్లోకి పిల్లల్ని దింపొద్దు. పైనుంచి నీళ్లు వదిలితే మట్టం ఎప్పుడు పెరుగుతుందో ఒడ్డునున్నవాళ్లకు తెలియదు.

చివరిగా మున్సిపాలిటీలకు ఓ మాట. చెరువు కట్ట మీద రంగుల లైట్లు, సెల్ఫీ బోర్డులు తర్వాత పెట్టొచ్చు. ముందు నీడనిచ్చే చెట్లు, కూర్చోవడానికి బల్లలు, తాగునీళ్లు, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్లు కావాలి. మరుగుదొడ్డి లేదన్న భయంతో ఉదయం నుంచే నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎందరో. మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో వాళ్లు మళ్లీ మా దగ్గరికే వస్తారు. నాయనమ్మ కూర్చోలేని, అమ్మ రెండు గంటలు నిశ్చింతగా ఉండలేని పార్కు ఎంత అందంగా ఉన్నా కుటుంబాల కోసం కట్టింది కాదు. ఆ సౌకర్యాలు అడగడం మన హక్కు. కట్ట మీద జనం కనిపిస్తేనే ఆ అడగడానికి బలం. అందుకే ఈ ఆదివారం పొద్దున్నే చాప చంకన పెట్టుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరండి.