అడిగిన బొమ్మ, అడగని బొమ్మ

బొమ్మ గీయగల చేతికి మొదట కూడు పెట్టేది ఒకరు అడిగిన బొమ్మ. దుకాణపు బోర్డు, పుస్తకపు అట్ట, పత్రికలో కథకు వేసే చిత్రం, ఇవన్నీ ఇతరుల మాటకు లోబడిన పనులు. ఈ పనులలో పడినవాడు స్వతంత్ర చిత్రకారుడు కాజాలడనే భావం విద్యావంతులలో సైతం బలంగా నాటుకొని ఉన్నది. ఇది అపోహ.

బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ గోడలకంటించే కాగితాల కర్మాగారంలో నమూనాలు గీశాడు. వ్యాపార ప్రకటనలు రూపొందించాడు. ఆయన తొలి వ్యష్టి ప్రదర్శన 1927లో బ్రస్సెల్స్‌లో జరిగింది. తరువాత లోకప్రసిద్ధి పొందిన ఆయన స్వప్నచిత్రాలలో రేఖ ప్రకటనలోని రేఖవలెనే స్పష్టం. అందువల్లనే అందులోని వింతను మనము నమ్ముతాము. అడిగిన పని చేతికి నేర్పిన క్రమశిక్షణ కలకు ఆకారమిచ్చినది.

మన తెలంగాణంలోనూ ఇందుకు నిదర్శనమున్నది. ఏలె లక్ష్మణ్ గారు ఎన్నో తెలుగు పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. 2014లో రాష్ట్ర చిహ్నాన్ని రూపొందించినదీ ఆయనే. కాకతీయ తోరణం, చార్మినారు, నాలుగు సింహాలు ఒక చిన్న వలయంలో ఇమడవలెను. చిత్రకారునికి ఇంతకంటె కట్టుబాటు గల పని ఏమున్నది? అయినను అదే చేయి పల్లె ముఖాలను స్వేచ్ఛగా చిత్రించి ప్రదర్శనలకెక్కించింది.

ఇక, చేతికి శిక్షణ ఉన్నంత మాత్రాన కల పుట్టదు. అది ఎక్కడనుండి వచ్చును? 1940లో మెదకు సీమలోని నిజాంపూరులో జన్మించిన కె. లక్ష్మాగౌడ్ గారు హైదరాబాదులో, అటుపై బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ శిక్షణలో చదివారు. వారి రేఖాచిత్రాలలో మనిషి, మేక, చెట్టు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కలవలె కనిపించును. ఆ కలకు ముడిసరుకు వారి ఊరే. 2016లో వారికి పద్మశ్రీ లభించింది.

ఉపాధ్యాయులు గమనింపవలసినది ఇదే. పటములు, విజ్ఞానశాస్త్రపు బొమ్మలు పిల్లలచేత శ్రద్ధగా గీయించండి. అవి అడిగిన బొమ్మలు, చేతిని తీర్చిదిద్దును. కాని వారానికొక కాగితం విషయము చెప్పక, మార్కులు వేయక విడిచిపెట్టండి. చిత్రలేఖనపు గంటను గణితానికి అప్పగించకండి. స్టేషన్ ఘన్‌పూరునుండి వరంగల్లు కోట ఎంతో దూరము లేదు. పిల్లలను అక్కడికి తీసుకొనిపోయి, చిహ్నంలోని తోరణాన్ని కాక, ఎండలో నిలిచిన రాతి తోరణాన్ని గీయమనండి. మరునాడు అది వారికి ఎట్లు కలలోకి వచ్చినదో గీయమనండి.

ఆ రెండు కాగితాలను తరగతి గోడకు పక్కపక్కనే అంటించండి. బిడ్డకు అదే మొదటి ప్రదర్శన.