బాలల చదువును, వ్రాతను గూర్చి మా ప్రణాళిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములందును, వాని చుట్టుపట్ల పల్లెలందును, తండాలందును పిల్లలకు అక్షరములు నేర్పుచున్న ఉపాధ్యాయులము, వారిని బడికి పంపుచున్న తల్లిదండ్రులము, గ్రంథాలయములను నమ్ముకొన్న మరికొందరము కూడి, అయిదవ తరగతికి వచ్చియు ఒక వాక్యమును కూడబలుకుకొనలేని పిల్లలు మా వాకిళ్లలోనే యున్నారను సంగతిని ఇక దాచుకొనక, ఆ లోపము పిల్లలది కాదు, నేర్పిన తీరుదని నిశ్చయించి, ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

మా వాదములో సగము మా యూళ్ల పేర్లలోనే యున్నది. కోదాడ యని వ్రాయుట ఒకటవ తరగతి పిల్లకు కష్టము కాదు; ఓత్వమును దీర్ఘమును తెలిసిన చాలును, చెవి విన్న వరుసలోనే చేయి నడచును. సూర్యాపేట, మిర్యాలగూడల సంగతి అట్లు కాదు. ఈ రెండు పేర్లలోను ఉన్న 'ర్యా' యను అక్షరమునందు చెవికి మొదట రేఫము, పిదప యకారము, కట్టకడపట ఆకారము వినవచ్చుచుండగా, కంటికి మాత్రము దీర్ఘము రకారమునకే తగిలియుండి, యకారము తన రూపును బొత్తిగా విడిచి వత్తుగా క్రింద వ్రేలాడుచుండును. దీనిని 'సూరాయపేట' యని చదివిన పిల్ల మందమతి కాదు. కనబడినదానిని కనబడిన వరుసలో నిజాయితీగా చదివినది. ఆ చిక్కు ఎక్కడ నున్నదో తెలిసి విప్పి చూపువాడే ఉపాధ్యాయుడు. తెలియక బెత్తము చూపువాడు, ఎన్ని పరీక్షలు నెగ్గి వచ్చినను, మా దృష్టిలో ఇంకను శిక్షణార్థియే.

తెలుగు వత్తులలో పెక్కు తమ అక్షరములను పోలియుండును. త, న, మ, య, ర, ల అనువాని వత్తులు మాత్రము పోలవు. అదృష్టవశమున ఈ పోలనివన్నియు అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల యను మాటలతో ఇంటిలోనే కాపురమున్నవి. కావున వత్తుల పట్టికను ఒక్క దినమున నల్లబల్ల నిండ వ్రాసి వల్లింపజేయుట మాని, పిల్ల నోట నున్న మాటలతో ఒక్కొక్క వత్తును పరిచయము చేసి, అది కుదురుకొనిన పిదపనే మరియొకదానికి పోవలయునని మా మతము. కన్నడ బడులలో పరిశోధన చేసిన సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన దానిని బట్టి, మన లిపుల వంటి వానియందు అక్షరజ్ఞానము ఒకటి రెండేండ్లలో ముగియక పై తరగతుల దాక సాగుచుండును. ఒకటవ తరగతిలో 'అక్షరములు అయిపోయినవి' అని పుస్తకము మూసివేయుట, నాట్లు పడగానే కాలువ కట్టివేయుట వంటిది.

గుణింతమును రాగముతో చదివించుటకు మేము విరోధులము కాము; ఆ రాగమున జ్ఞాపకశక్తికి ఊతము కలదు. అయినను కొమ్ము, గుడి, ఏత్వము అనునవి గుర్తుల పేర్లే గాని ధ్వనులు కావు. గుణింతమంతయు గడగడ చెప్పి, నడుమ నున్న 'కే' మీద వ్రేలు పెట్టి అడిగినప్పుడు మరల మొదటినుండి పాడుకొని వచ్చు పిల్లకు వచ్చినది పాటయే గాని చదువు కాదు. దీనికి విరుగుడుగా వచ్చిన పదపద్ధతియు నిర్దుష్టము కాదు. బొమ్మను చూచి క్రింది మాటను ఊహించు పిల్ల, బొమ్మ తీసివేసిననాడు బిక్కమొగము వేయును. ఇంగ్లీషు మాటలాడు దేశములలో ఈ వివాదమే రగిలి, 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ గ్రంథముతో వీథికెక్కి, 1967లో జీన్ చాల్ చేసిన సమీక్షలో అక్షరమునకును ధ్వనికిని గల సంబంధమును మొదటనే విశదముగా నేర్పుట మేలని తేలినది. అక్షరమునకు ధ్వని ఇంత నమ్మకముగా అంటియుండు తెలుగునకు ఇది మరింత వర్తించునని వేరుగ చెప్పవలెనా?

కంటికిని నోటికిని తోడు చేయి కూడ పనిచేయవలయును. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్లు, నాటు బడిపిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, దానిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో లండనులో గ్రంథరూపమున ప్రకటింపగా, ఆంగ్లదేశపు పేదపిల్లలు సయితము ఇసుకబల్లల మీద వ్రాత నేర్చిరి. మనము ఆ ఇసుకను పారబోసి, మూడేండ్ల పిల్ల చేతికి నాలుగు గీతల కాపీపుస్తకము ఇచ్చి, అదియే నాగరకత యనుకొనుచున్నాము! పలుకుచు దిద్దుట, దిద్దుచు పలుకుట అను రెండును విడిపోరాదు.

వర్ణక్రమమును గూర్చి మాకు దయయు కలదు, పట్టుదలయు కలదు. మా ప్రాంతపు నిత్యవ్యవహారమున ఒత్తక్షరములు ఒత్తి పలుకబడవు. వడ్లు కొను ఐకేపీ సెంటరు బోర్డు మీద 'ధాన్యం' అని యుండగా పిల్ల చెవికి వినబడునది 'దాన్యం'. మిర్యాలగూడ యని రైలుస్టేషను చెప్పగా ఆమె నాయనమ్మ చెప్పునది మిర్యాలగూడెము. చెవిని నమ్మి వ్రాసినదానికి ఎర్రసిరాతో అడ్డగీత గీచినచో, చెవిని నమ్మరాదని మనమే నేర్పినవారమగుదుము. కనుక మొదటి రెండేండ్లు చెవికి సరిపడిన వ్రాతను సగము విజయముగా నెంచి, పిదప ధాన్యము, ధనము, ధర అని ఒత్తు గల మాటలను గుంపులుగా కంటికి అలవాటు చేసి, క్రమముగ సరిదిద్దవలెను. 'గట్ల', 'ఇగ' అనిన పిల్లను చూచి నవ్వు ఉపాధ్యాయునికి మాలో చోటు లేదు. ఈ ప్రణాళికను మేము గ్రాంథికచ్ఛాయలో వ్రాయుచున్నామన్నది నిజమే. ఆరేండ్ల పిల్ల ముందు ఇట్టి వాక్యము పెట్టిన వానిని మాత్రము క్షమింపజాలము.

ఇంటిమాట ఒకటి, బడిమాట మరొకటి యగుట ఈ నేలకు క్రొత్త కాదు. నిజాము పాలనలో ఉర్దూ బోధనాభాషగా నుండగా తెలుగు పిల్లలు రెండింతలు శ్రమించిరి. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడుటకును, 1931లో మన దేవరకొండయందు ఆంధ్రమహాసభ కూడుటకును వెనుక ఆ వేదన కలదు. నాడు తమ భాషలో చదువు కోరిన తెలుగువారు ఆ న్యాయమునే లంబాడీ తండాల పిల్లలకు చేయకపోవుట మాకు సిగ్గు. లంబాడీ భాషకు సొంత లిపి లేకున్నను తెలుగు లిపి దానికి సరిపోవును. తన తల్లిని 'యాడి' యని పిలుచు పిల్ల మొదట 'యాడి' యనియే వ్రాయవలయును. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకములు కూర్చి శతాబ్దము దాటినది. ధాన్యపు మిల్లులకు బీహారునుండి వచ్చిన కూలీల పిల్లలకును ఇదే నియమము.

2022–23 మొదలు ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. దానిని కోరుకొన్న తల్లిదండ్రులను మేము నిందింపము. మాలోను కొందరు కోరుకొనిరి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు గల పుస్తకములు చేతికి వచ్చినవి గనుక, తెలుగు పుట ముందు చదివింపబడవలెనని మాత్రము పట్టుపట్టెదము. చదువుట యను నేర్పు తెలిసిన భాషలో ఒకమారు పట్టువడినచో రెండవ భాషకు ఎక్కువభాగము వెంటవచ్చును. చిన్న తరగతులలో చదువునకు పునాది వేయుటకై అదే సంవత్సరము ఆరంభమైన తొలిమెట్టు కార్యక్రమపు ఆశయములు మాకు సమ్మతములే. పట్టికలు నింపు పని పాఠము చెప్పు గంటను మ్రింగరాదు, అంతే.

ఎంత నేర్పినను అక్షరములు నిలువని పిల్లలు కొందరుందురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అభ్యసన వైకల్యమును గుర్తించియున్నది. వారిని సోమరులనుట తప్పు. వారికి ఎక్కువ కాలము, విడిగా బోధన, నోటితో జవాబు చెప్పు అవకాశము కావలెను.

చివరకు వ్రాత యనగా నల్లబల్ల మీది జవాబును ఎక్కించుకొనుట కాదు. రెండవ తరగతి మొదలు ప్రతి పిల్లయు వారమునకొక్కటైనను తన సొంత వాక్యము వ్రాయవలయును: మూసీలో నీళ్లు వచ్చినవనియో, బఱ్ఱె ఈనినదనియో, హైవే మీద లారీ ఆగిపోయినదనియో. ఆ వాక్యములు కుట్టి గ్రంథాలయమున పెట్టినచో, అచ్చుపుస్తకములకంటె ముందు అవియే చిరుగునని మా నమ్మకము.

మాతో చేరగోరువారికి రుసుము లేదు. వారమున కొకనాడు ఒక పిల్ల ప్రక్కన కూర్చుండి, ఆమె చదువుచుండగా నడుమ అందీయక వినవలెను. ఆగిన అక్షరమును కాగితము మీద వ్రాసికొని మరునాడు పంతులుగారికి చూపవలెను. ఈపాటి తీరిక లేనివారు సభలలో అధ్యక్షత వహింపకుండ ఉండిన చాలును.