ఎలైజాకు కావలసింది యాస కాదు

బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మేలియన్’ మీద చాలాకాలంగా స్థిరపడిపోయిన అభిప్రాయం ఒకటుంది. ఇంగ్లండులో కలవారికీ లేనివారికీ మధ్య గోడ యాసేననీ, ఆచార్య హిగ్గిన్స్ నేర్పిన ఉచ్చారణతో పూలమ్ముకునే ఎలైజా ఆ గోడ దాటిందనీ. షా మీద గౌరవంతోనే అంటారు గానీ, నాటకాన్ని అంకం అంకంగా చదివితే ఈ మాట నిలవదు. ఎలైజా తండ్రి డూలిటిల్‌నే తీసుకుందాం. చెత్త ఎత్తి బతికేవాడు, కూతుర్ని హిగ్గిన్స్ ఇంట్లో వదిలేయడానికి 5 పౌండ్లు పుచ్చుకున్నవాడు. చివరి అంకం నాటికి ఏడాదికి 3,000 పౌండ్లు వచ్చే ఏర్పాటు జరిగి, వద్దన్నా పెద్దమనిషి అయిపోతాడు. అతని యాస మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మరోపక్క ఐన్స్‌ఫర్డ్ హిల్ కుటుంబం. వాళ్ల ఉచ్చారణకు వంక పెట్టలేం, చేతిలో మాత్రం డబ్బు లేదు, కొడుకు ఫ్రెడీకి ఏ పనీ రాదు. షా ఈ ఇద్దర్నీ చెరోపక్క నిలబెట్టి, మధ్యలో ఎలైజాను చూడమన్నాడు.

ఎలైజాను దొరసానిగా చలామణీ చేయిస్తానని హిగ్గిన్స్ తన మిత్రుడు కల్నల్ పికరింగ్‌తో కట్టిన పందెం గెలిచిన రాత్రి, ఆమె అడిగే ప్రశ్న కడుపుకు సంబంధించింది: ఇప్పుడు నేనేం పనికొస్తాను? కావెంట్ గార్డెన్‌లో ఉన్నప్పుడు ఆమె పూలమ్మింది. దొరసానిగా మారాక అమ్ముకోవడానికి తాను తప్ప మరేమీ మిగల్లేదని ఆమే అంటుంది. అంటే పాఠాలు ఆమెకున్న బతుకుతెరువును తీసేసి, ఆ స్థానంలో పెళ్లి బజారును చూపించాయి. హిగ్గిన్స్‌కు ఎదురు తిరిగే ధైర్యం ఆ చదువు ఇచ్చిందే కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ధైర్యం ఎప్పుడు వచ్చిందో గమనించాలి. యాస పట్టుబడి, పందెం నెగ్గిన రాత్రి కూడా ఆమె దిక్కుతోచకే ఉంది. ఉచ్చారణ పాఠాలు తానూ చెప్పి సంపాదించుకోగలనని తట్టిన క్షణాన హిగ్గిన్స్ అంటే భయం పోయింది. యాస వృత్తిగా మారినప్పుడే అది ఆమెకు అక్కరకొచ్చింది.

దీన్ని ప్రేమకథగా చూసేవారిది ఇంకా పెద్ద పొరపాటు. 1914లో లండన్‌లో హిగ్గిన్స్ వేషం కట్టిన బీర్‌బోమ్ ట్రీ, తెర పడేముందు ఎలైజా వైపు పూలు విసిరి ఆ కథను మొదలుపెట్టాడు. షాకు కోపం వచ్చింది. 1916లో పుస్తకం అచ్చయినప్పుడు, ఎలైజా ఫ్రెడీని పెళ్లాడి పూలకొట్టు పెట్టుకుందని వెనుకమాట రాశాడు. కానీ ఆ కొట్టుకు పెట్టుబడి కల్నల్ పికరింగ్‌ది. ఇక్కడ షాతోనూ నాకు పేచీ ఉంది. ‘మిసెస్ వారెన్స్ ప్రొఫెషన్’లో ఆడవాళ్ల దుస్థితికి మూలం చాలీచాలని కూలేనని అంత సూటిగా చెప్పినవాడు, ఎలైజాను మళ్లీ ఒక మగవాడి ఔదార్యం మీదే ఆనించాడు.

ఆ పని చేయనివాడు స్టాన్లీ హౌటన్. 1912లో ఆడిన అతని ‘హిండిల్ వేక్స్’లో ఫానీ హాథార్న్ లాంకషైర్ మిల్లులో నేతపనిచేసే పిల్ల. యజమాని కొడుకుతో లాండుడ్నోలో రెండ్రోజులు గడిపిన సంగతి బయటపడగానే, రెండిళ్ల పెద్దలూ పెళ్లి చేసేద్దామని కూర్చుంటారు. ఫానీ ఒప్పుకోదు. మగ్గాలు ఆడుతున్నంతకాలం తన బతుక్కి లోటు లేదని ఆమె ధీమా. ఆమె మాట్లాడేది లాంకషైర్ యాసే, ఎవరూ దిద్దలేదు. సంపాదించే ఆడవాళ్లంతా ఫానీలా తలెత్తుకున్నారా అంటే, లేదు. సిసిలీ హామిల్టన్ 1908 నాటకం ‘డయానా ఆఫ్ డాబ్సన్స్’లో డయానా కూడా బట్టలకొట్లో పనిచేసేదే. కొట్టువాళ్ల వసతిలోనే పడుకోవాలి, వాళ్ల నిబంధనలకు లోబడాలి, జుర్మానాలు కట్టాలి. జీతముంది, స్వేచ్ఛ లేదు. ఈ తేడాను ఇద్దరి స్వభావాలకు అంటగట్టడం అన్యాయం. లాంకషైర్ నేత మిల్లుల్లో ఆడా మగా కలిసిన కార్మిక సంఘాలుండేవి, నేసిన గుడ్డకు ఇద్దరికీ ఒకటే కూలి పట్టిక. డయానా కొట్లో అలాంటి సంఘమూ లేదు, పట్టికా లేదు.